పాతకాలపు మాదిరి గిటారు



నేటి యంగళ్లలో గిటారులు పెక్కు 'పాతకాలపు మాదిరి' యను పేర నమ్ముడగుచున్నవి. తేనెవన్నె పూతను, పూర్వపు టాకారమును చూచి పిల్లలు ముచ్చటపడుదురు. తల్లులు అదనపు వెల చెల్లింతురు. ఆ వెలకు తగినది లోపల నున్నదో లేదో విచారింపవలదా?

గిటారు నాదమునకు ముఖ్యాధారము మీదిపలక. స్పెయినుదేశపు శిల్పి ఆంటోనియో దె టోరెస్ 1862లో ఒక గిటారునకు ప్రక్కలను, వెనుకభాగమును అట్టతో చేసి, మీద మాత్రము మంచి కొయ్యపలక నమర్చి యీ సత్యమును చూపెను. పలక యడుగున విసనకఱ్ఱ పుల్లలవలె పరచిన సన్నని బద్దల కూర్పు నాతడు తీర్చిదిద్దెను. నేటి శాస్త్రీయ గిటారులకు అదియే యొరవడి. అమెరికాలో మార్టిన్ కర్మాగారమువారు 19వ శతాబ్ది మధ్యమున బద్దలను గుణకారపు గుర్తువలె నమర్చిరి. తరువాతికాలమున ఉక్కుతంత్రుల లాగుడును తట్టుకొనుటకు ఆ కూర్పే యక్కఱకు వచ్చెను. కావున పూర్వుల ననుసరించిన గిటారు అనగా ఈ లోపలి పని ననుసరించినది.

మన బొబ్బిలి వీణయు నిట్టిదే. ఒకే పనసమ్రాను నుండి కుండను, దండిని తొలిచి తీయుట దాని విశేషము. బీరువాలో నుంచు చిన్న బొమ్మవీణకును ఆ రూపమే గలదు. దానిపై కృతి వాయింపగలమా?

కొనునపుడు ధ్వనిరంధ్రపు టంచును పరికింపుడు. మీది కొయ్యరేఖలు లోనికి కొనసాగినచో అది నిండుకొయ్య. పొరలు కనబడినచో అతుకుపలక. అతుకుపలకను నిందింపబనిలేదు. వెల తక్కువ, మా సత్తెనపల్లి వేసవికి నోర్చుకొనును. నిండుకొయ్య పలుకు మేలైనదే గాని, పొడిగాలికి బీటలువారును. దానిని పెట్టెలో నుంచి యెండ తగులనిచోట దాచవలెను. నైలాను తంత్రులకై చేసిన గిటారునకు ఉక్కుతంత్రులు బిగింపరాదు. ఆ లాగుడునకు తంత్రులు కట్టిన బద్ద యూడివచ్చును.

ఆడపిల్లకు సంగీతము పెండ్లిచూపులనాటి యలంకారమని తలచిన యిండ్లు పెక్కు గలవు. ఆ విద్య పెండ్లితో ముగిసి, వీణ గోడను చేరెను. గిటారునకును ఆ గతి పట్టనీయకుడు. కొనుటకు ముందు అమ్మాయిచేతనే తంత్రి మీటించి, మ్రోత యెంతసేపు నిలుచునో వినుడు. కొన్న పిమ్మట దినమున కొక గంట సాధనకు కేటాయించి, ఆ గంటలో నామెకు ఇంటిపని చెప్పకుడు.