రష్ ప్రింటూ... రెండు పేటల గొలుసూ!

మొన్న శివరాత్రికి మేళ్లచెరువు వెళ్లాను. శంభులింగేశ్వరుడి దర్శనం ఒక వంక, జాతరలో ఎడ్ల బండలాగుడు పందేలు ఒక వంక. (నల్గొండ జిల్లా కదా అనేరు! 2016 నుంచి సూర్యాపేట జిల్లా, చిత్తగించండి.) తీరా మా అక్కగారింటి గడప దాటాక తెలిసింది... అసలు పందెం అక్కడ నడుస్తోందని!

ఒక పక్క మా మేనల్లుడు. ఇంకో పక్క వాడి కంప్యూటరు. కుర్రాడు ఎడ్ల పందేలను సెల్‌ఫోన్‌తో ఫోర్‌కేలో తీశాడు. పది నిమిషాల చిత్రం చెయ్యాలని సరదా. రెండు ముక్కలు అతికించేసరికి కంప్యూటరు బండ కదలని ఎద్దులా నిలబడిపోతోంది.

"ఇది పనికిరాదు మామా! లక్ష పెడితే కొత్తది వస్తది. అమ్మ గొలుసు ఇస్తనంటున్నది."

"వాని పనికి అక్కరకొస్తదంటే నాకెందుకురా తమ్ముడూ, గొలుసు?" అంది అక్క వంటింట్లోంచి.

రెండు పేటల గొలుసు. బావ పోయాక ఎన్ని ఇబ్బందులొచ్చినా దాన్ని మాత్రం తాకట్టుకి పోనివ్వలేదు అక్క. నాకు కాఫీ సయించలేదు.

"గొలుసు సంగతి రేపు. ముందు జబ్బేమిటో చూద్దాం" అని రెండర్ మొదలుపెట్టించి, టాస్క్ మేనేజర్ తెరిపించాను. ప్రాసెసరు సగం కూడా పనిచెయ్యడం లేదు. 4 జీబీ ర్యామ్ మాత్రం కిటకిట! అందులో పట్టని సరుకంతా పాత హార్డ్ డిస్కు మీదికి మోస్తోంది కంప్యూటరు. హీరో మేకప్ వేసుకుని కూర్చున్నాడు, సెట్లోకి సామాను రాక షూటింగ్ ఆగింది. అదీ సంగతి!

ఫోన్ వీడియోలో ఇంకో తిరకాసు ఉంది. ప్రతి ఫ్రేమూ పూర్తిగా దాచదు, ముందు ఫ్రేముకీ దీనికీ వచ్చిన తేడానే రాసుకుంటుంది. కోయబోతే కంప్యూటరు ఆ ఫ్రేములన్నీ మళ్లీ కట్టుకోవాలి. ఫోర్‌కే ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన పది నిమిషాలకు 18,000 ఫ్రేములు. ఆ ముసలి కంప్యూటరు నిలబడిపోయిందంటే తప్పు దానిదా?

మరి ఫిల్ము రోజుల్లో మన ఎడిటర్లు ఏం చేసేవారు? అసలు నెగెటివ్ మీద కత్తెర పడనిచ్చేవారే కాదు! రష్ ప్రింటు వేయించుకుని, మూవియోలా మీద దాన్నే కోసి అతికించేవారు. అంతా ఖాయమయ్యాక, ఫిల్ము అంచునుండే నంబర్లు చూసి నెగెటివ్‌ని దాని ప్రకారం కోసేవారు. ఇప్పుడు 'ప్రాక్సీ' అంటున్నది అక్షరాలా అదే. పెద్ద వీడియోలకు చిన్న నకళ్లు తీసి వాటితో ఎడిటింగ్ కానిచ్చేస్తే, చివరి రెండర్లో సాఫ్ట్‌వేరు అసలువి పెట్టుకుంటుంది.

మర్నాడు ర్యామ్ కోసం కోదాడ వెళ్లాం. బోర్డు చూసుకోకుండా బయల్దేరడం నా తెలివి! తెచ్చింది డీడీఆర్ 4, వాడి బోర్డు డీడీఆర్ 3. గాడి వేరు, ఎంత నొక్కినా ఎక్కదు. మళ్లీ బస్సెక్కి మార్చుకొచ్చాం. 8 జీబీవి రెండు, పాత హార్డ్ డిస్కుకు తోడు ఒక ఎస్ఎస్‌డీ. వాడు పెళ్లిళ్లకు వీడియోలు తీసి దాచుకున్న డబ్బే సరిపోయింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కంప్యూటరు కొత్తదైపోలేదు. ప్రాక్సీలతో ఎడిటింగ్ సాఫీగా సాగింది గానీ, రెండర్ గంటన్నర పట్టింది. ప్రాసెసరు పాతదే కదా! అయితేనేం, మధ్యలో ఆగలేదు.

"ఇక గ్రాఫిక్స్ కార్డు మామా!" అన్నాడు వాడు.

"సంపాదించి కొనుక్కో. దానికి చాలినంత కరెంటు నీ ఎస్ఎంపీఎస్ ఇవ్వగలదో లేదో ముందు చూడు" అన్నాను.

ఆ రాత్రి టీవీలో వేసి చూశాం. ఎడ్లు బండను లాగుతుంటే అక్క లేచి నిలబడి "హై! హై!" అని అదిలించింది. మెడలో గొలుసు తళుక్కుమంది. నేను సినిమా చూడ్డం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కంప్యూటరూ మొరాయిస్తోందా? అమ్మ మెడ వైపు చూసేముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ వైపు చూడండి. ఏమంటారు?