భయమే వారి పెట్టుబడి

మన దేశపు ఏ చట్టంలోనూ ‘డిజిటల్ అరెస్టు’ అనేది లేదు. వీడియో కాల్‌లో మనిషిని నిర్బంధించే అధికారం పోలీసులకు గానీ, సీబీఐకి గానీ లేదు. ఏ దర్యాప్తు అధికారీ విచారణ పేరిట డబ్బు బదిలీ చేయమని అడగడు. అయినా ఖాకీ దుస్తుల్లో తెరపై కనిపించి, ‘మీ ఆధార్‌పై కేసు నమోదైంది’ అని గద్దిస్తే చదువుకున్నవారు సైతం జీవితకాలపు పొదుపును అప్పగిస్తున్నారు.

ఆ గద్దింపులో ‘ఉగ్రవాదం’ అన్న మాట చేరితే ముస్లిం ఇంట్లో వణుకు రెట్టింపవుతుంది. 2007 మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో అరెస్టయి, అనంతరం నిర్దోషులుగా విడుదలైన యువకులను మనం మరువలేదు. మోసగాడు పెట్టుబడిగా వాడుకొనేది ఈ భయాన్నే. ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్నది అతని మొదటి షరతు. దానిని ఉల్లంఘించడమే మన మొదటి రక్షణ.

కాల్ తెంచివేయాలి. ఇంట్లో చెప్పాలి. డబ్బు పోయివుంటే తక్షణం 1930కు ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్ము చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది.

జుమా నమాజు అనంతరం మసీదు కమిటీలు ఈ నాలుగు మాటలు ప్రకటించాలి. మోసపోయినవారిని ఇంటివారు నిందించరాదు. స్టేషన్ మెట్లెక్కిన బాధితుని పోలీసులు అనుమానితునిగా చూడరాదు. పోలీసులంటే భయం పోనంతకాలం, నకిలీ పోలీసుకు గిరాకీ తగ్గదు.