చుట్టపుచూపుగా వచ్చే అమ్మానాన్నలు

వేసవి సెలవులు రాగానే అమ్మమ్మగారి ఊరి ముచ్చట్లు పత్రికల నిండా కనిపిస్తాయి. మామిడితోట, బావిలో ఈత, వెన్నముద్ద. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఈ వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, హొళగుంద పల్లెల్లో చాలామంది పిల్లలు చలికాలమంతా అవ్వాతాతల దగ్గరే ఉంటారు. వచ్చిపోయే చుట్టాలు అమ్మానాన్నలు. దీపావళి దాటగానే గుంటూరు, పల్నాడు మిరప తోటలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరులో కట్టుబడి పనులకో పోయినవాళ్ళు తిరిగి ఉగాదికి కనిపిస్తారు. దీన్ని ఇక్కడ సుగ్గి అంటారు. "సుగ్గికి పోయినారు" అన్నారంటే ఆ ఇంట్లో ముసలివాళ్ళూ బడి పిల్లలూ తప్ప ఎవరూ లేరని తెలిసిపోతుంది.

పక్కనే తుంగభద్ర పారుతున్న ఊళ్ళకు ఈ గతి ఏమిటని మంత్రాలయానికి వచ్చే యాత్రికులకు అనిపించవచ్చు. నది ఉంది, దిగువ కాలువా ఉంది. కానీ చేలలో ఎక్కువ భాగం వాన మీదే ఆధారపడ్డవి. నల్లరేగడిలో వానాకాలం వేసిన పత్తి ఏరడం అయిపోతే మళ్ళీ తొలకరి దాకా చేతికి పని దొరకదు. సరిగ్గా అప్పుడే గుంటూరు వైపు మిరప కోతలు మొదలవుతాయి. ఈ నేలకు కరువు కొత్త కాదు. 1876-78 నాటి మహా కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. ఈ పల్లెలున్న ఆదోని ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంటికి ఏడాదికి 100 రోజుల పని అంది. అయినా మిరప కోతలో రెండు మూడు నెలలకు ఒక్కసారిగా చేతికొచ్చే డబ్బే అప్పులు తీరుస్తుందని ఊరి లెక్క. ఆ లెక్కను తప్పుపట్టడం కష్టం.

బయల్దేరే రోజు ఊరి బొడ్రాయి దగ్గర బొలేరో ఆగుతుంది. అడుగున జొన్నల మూటలు, వాటి మీద వంట సామాను, ఆ పైన పరుపు చుట్టలు, అన్నిటికన్నా పైన మనుషులు. కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ అప్పటికే బయానా ఇచ్చి ఉంటాడు. అది అప్పులవాడికి చేరిపోయి కూడా ఉంటుంది. పాలు మరవని బిడ్డ తల్లితో పోతుంది. బడికి పోయే పిల్లల గురించి మాత్రం రాత్రంతా వాదన నడుస్తుంది. వెంట తీసుకుపోతే చదువు పోతుంది, వదిలిపోతే అవ్వకు భారం. "అమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగితే "పండక్కి వస్తాదిలే" అంటుంది అవ్వ. ఏ పండగో చెప్పదు.

ఇదే రాష్ట్రంలో ఇంకో రకం అవ్వలూ ఉన్నారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మమ్మకు సందర్శక వీసా మీద సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలు ఉండనిస్తారు. ఆవిడ ప్రయాణం చుట్టూ పచ్చళ్ళ ప్యాకింగు, బీమా, చక్రాల కుర్చీ సాయం అంటూ ఒక పరిశ్రమే పుట్టింది. ఆవిడ ఒంటరితనం మీద కథలు, సినిమాలు వచ్చాయి. రావలసిందే. కోసిగి అవ్వదీ ఇంచుమించు అంతే గడువు, అదే పని, మనవళ్ళను సాకడం. తేడా ఒక్కటే, ఆమె ఎక్కడికీ పోదు. ఆమె మీద ఎవరూ కథ రాయరు. పింఛను డబ్బులు ఎవరి పుస్తకాలకు ఖర్చవుతున్నాయో ఎవరూ అడగరు.

కుటుంబాలు కలుసుకునే రోజులను ఇక్కడ దేవుళ్ళూ పీర్లూ నిర్ణయిస్తారు. పీర్ల పండగకు కులమతాలతో పనిలేదు. పీర్ల చావిడి ముందు గుండం తవ్విన నాటి నుంచి ఊరికి జనం చేరతారు, ఇంటింటా మలీద చేస్తారు. హిజ్రీ లెక్కన ఈ పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2009లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వచ్చింది. రెండూ నడి సుగ్గిలోనే. అలాంటి ఏడు ఇంటికి రావాలంటే రానుపోను చార్జీలు, పోయిన కూలి, మేస్త్రీ సణుగుడు మూడూ భరించాలి. 2025లో అదే పండగ జులై మొదటి వారంలో వచ్చింది. విత్తనాల కాలం, అందరూ ఊళ్ళో ఉండేదే. మళ్ళీ 2041-42 ప్రాంతానికి గాని అది చలికాలం నడుమకు చేరదు. ఇప్పుడు అవ్వ ఒళ్ళో ఉన్న పిల్లలకు అప్పటికి సుగ్గికి పోయే వయసు వస్తుంది. పోకుండా ఆపే మార్గం ఈ పదిహేనేళ్ళలో దొరుకుతుందా అన్నది పండగ కన్నా పెద్ద ప్రశ్న.

శ్రావణం వేరే సంగతి. సుగ్గి జనం ఊళ్ళో ఉంటారు, కర్ణాటకలో ఉన్న ఆడబిడ్డలూ దిగుతారు. ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర సోమ, గురువారాలు ఇసుక వేస్తే రాలదు. మంత్రాలయంలో రాఘవేంద్రుల ఆరాధన కూడా ఆ నెలలోనే. సిరుగుప్ప నుంచి అత్త, రాయచూరు నుంచి చిన్నాయన, బెంగళూరు నుంచి మనవడు గుడి దగ్గరే కలుస్తారు. పెళ్ళి సంబంధాలు కుదిరేదీ, పాత తగాదాలు తెగేదీ అక్కడే. గుళ్ళకు వచ్చే జనాన్ని భక్తులుగా లెక్కపెట్టే అధికారులు వాళ్ళలో సగానికి సగం చుట్టాల కోసం వచ్చినవాళ్ళని గుర్తిస్తే నీడ, నీళ్ళు, కూర్చునే చోటు గురించి ఇంకాస్త ఆలోచించేవారేమో.

ఇక సరిహద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, సిరుగుప్ప, బళ్ళారి, హోస్పేట అటు పోయాయి. తాలూకాలు పంచుకున్నారు గాని మేనరికాలను పంచలేకపోయారు. ఇప్పటికీ ఇటు పిల్ల అటు కోడలు, అటు పిల్ల ఇటు కోడలు. మంత్రాలయం నుంచి రాయచూరు యాభై కిలోమీటర్ల లోపే. సొంత జిల్లా కేంద్రం కర్నూలు దానికి దాదాపు రెట్టింపు దూరం.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కర్ణాటకలో 2023 జూన్ నుంచే శక్తి పథకం ఉంది. మంచి పథకాలే. కానీ ఇక్కడి పథకం అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు, అక్కడిది కర్ణాటక ఆడవాళ్ళకు మాత్రమే. మంత్రాలయం అవ్వ ఎవరూ తెలియని విశాఖపట్నానికి బస్సులు మారుతూ ఉచితంగా పోవచ్చు. రాయచూరులో కాన్పయిన కూతుర్ని చూడ్డానికి మాత్రం టికెట్ కొనాలి. విజయవాడలో కూర్చుని గీసిన గీత ఇలాగే ఉంటుంది.

ఫోన్లు వచ్చాక ఇంకా ఈ రాకపోకలెందుకని వాదించేవాళ్ళున్నారు. వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసుకోవచ్చు, నిజమే. కానీ తోట దగ్గరి గుడిసెలో చార్జింగు సంగతి అటుంచండి, మిరప కోసిన చేతుల మంట కడిగినా పోదు. ఇంటికి వచ్చిన తల్లులే ఒకటి రెండు రోజులు పసిబిడ్డ ముఖం తాకడానికి జంకుతారు. మూడో రోజు పిల్లవాడు దగ్గరకు వస్తాడు. నాలుగో రోజు బొలేరో వస్తుంది. రాకపోకల నిడివి పెరగాలి గాని ఫోన్ ఉందని తగ్గకూడదు.

చేయగలిగినవి పెద్ద ఖర్చువేమీ కావు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు వందల ప్రత్యేక బస్సులు వేసే ఆర్టీసీ, ఉగాదికి ముందు గుంటూరు, పల్నాడు నుంచి ఆదోని, ఎమ్మిగనూరులకు కొన్ని వేస్తే సరుకు బండ్ల మీద మనుషుల ప్రయాణం కొంతైనా తగ్గుతుంది. సరిహద్దు దాటే పల్లె సర్వీసులకు రాయచూరు, సిరుగుప్ప, బళ్ళారి దాకా ఉచిత ప్రయాణం ఇవ్వడం రెండు రాష్ట్రాలూ ఒక ఒప్పందంతో తేల్చుకోగలిగిన పని. వలస పిల్లల కోసం బళ్ళలో నడిపే సీజనల్ హాస్టళ్ళు ఊరు ఖాళీ అయ్యే వారంలోనే తెరవాలి. వాటిలో అవ్వలకూ సాయంత్రం ఒక పూట అన్నం పెట్టాలి. అరవై దాటిన మనిషి పొద్దున ముగ్గురు పిల్లలకు రొట్టెలు తట్టి బడికి పంపి, మధ్యాహ్నం పొలం గట్టున గడ్డి కోసి, మళ్ళీ రాత్రి పొయ్యి ముందు కూర్చోవాల్సిన పని లేకుండా పోతుంది.