పీరియడ్ ట్రాకర్ పీసీఓఎస్‌ని తేల్చదు.. కానీ ఆరు నెలల లాగ్ డాక్టర్‌కి చాలా చెబుతుంది

ఇప్పుడు రెండు వేల రూపాయల స్మార్ట్‌వాచ్‌లో కూడా పీరియడ్ ట్రాకింగ్ వస్తోంది. చాలా రివ్యూల్లో దానికి ఒక టిక్ మార్క్ పెట్టి బ్యాటరీ దగ్గరికి వెళ్లిపోతారు. నా దృష్టిలో మాత్రం సరిగ్గా వాడితే ఆ వాచ్‌లో అన్నిటికంటే పనికొచ్చే ఫీచర్ ఇదే. పీసీఓఎస్ ఉన్న మహిళల్లో 70 శాతం వరకు ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దగ్గర చాలామంది పీసీఓడీ అనేది దీన్నే.

ముందు ఈ ఫీచర్ ఏం చేస్తుందో చూద్దాం. బడ్జెట్ వాచ్‌లలో ఇది ఒట్టి క్యాలెండర్ లెక్క. మీరు ఎంటర్ చేసిన తేదీల సగటు తీసి, తర్వాతి తేదీ చెబుతుంది. హార్మోన్లను కొలిచే సెన్సార్ అందులో లేదు. కాబట్టి నెలసరి క్రమం తప్పితే ప్రిడిక్షన్ కూడా తప్పుతుంది. అప్పుడు ‘యాప్ వేస్ట్’ అని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. గమనించాల్సింది సరిగ్గా అదే.

పెద్దవాళ్లలో 35 రోజులు దాటినా నెలసరి రాకపోవడం, ఏడాదికి ఎనిమిది సార్ల కంటే తక్కువ రావడం మొదటి గుర్తు. గడ్డం, పై పెదవి మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, తల మీద జుట్టు పలచబడటం, మెడ వెనక నల్లబడటం, బరువు పెరగడం కూడా ఉండొచ్చు. సన్నగా ఉన్నవాళ్లకీ ఇది వస్తుంది.

డాక్టర్లు మూడు విషయాలు చూస్తారు: క్రమం తప్పిన నెలసరి, ఆండ్రోజెన్ హార్మోన్లు ఎక్కువగా ఉన్న లక్షణాలు, స్కానింగ్‌లో అండాశయాల తీరు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ సమస్యలు లేవని తేల్చుకున్నాక, ఈ మూడింట్లో రెండు ఉంటే పీసీఓఎస్ అంటారు. టీనేజ్ అమ్మాయిలకు మొదటి రెండూ ఉండాల్సిందే. ఆ వయసులో మామూలు అండాశయాలు కూడా స్కాన్‌లో అలాగే కనిపించొచ్చు కాబట్టి స్కాన్ చూసి తేల్చరు.

ఇప్పుడు సంగారెడ్డి జిల్లా రాయికోడ్‌లో ఒక డిగ్రీ అమ్మాయి ఉందనుకోండి. స్కానింగ్ కోసం జహీరాబాద్‌కో, సంగారెడ్డికో వెళ్లాలంటే ఒక రోజు పోతుంది, తోడు ఒకరు కావాలి. అంత కష్టపడి వెళ్లాక ‘లాస్ట్ పీరియడ్ ఎప్పుడమ్మా?’ అని డాక్టర్ అడిగితే ‘గుర్తులేదు మేడం’ అనాల్సి వస్తే ఎలా? ఆరు నెలల తేదీలు ఫోన్‌లో ఉంటే మాట అక్కడి నుంచే మొదలవుతుంది. మహిళల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ మొదలుపెట్టింది. అప్పట్లో 100 కేంద్రాల్లో, ప్రతి మంగళవారం. నెలసరి సమస్యలు, థైరాయిడ్ కూడా అందులో ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడ చూస్తున్నారో మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

ప్రైవసీ మాటేంటి? యూజర్ల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు పంపిందన్న ఆరోపణపై ఫ్లో యాప్ 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్ చేసుకుంది. అందుకే అకౌంట్ లేకుండా, డేటా ఫోన్‌లోనే దాచే యాప్ చూసుకోండి. ఇంట్లో అందరిదీ ఒకే ఫోన్ అయితే యాప్ లాక్ తప్పనిసరి. అదీ కుదరకపోతే గోడ క్యాలెండర్ మీద చిన్న చుక్క చాలు.

కంపెనీల నుంచి మనం అడగాల్సినవి మూడు: తెలుగు ఇంటర్‌ఫేస్, ఆఫ్‌లైన్ లాగ్, ఒక్క ట్యాప్‌తో పీడీఎఫ్. ‘పీసీఓఎస్ స్కోర్’ చూపించే యాప్ కంటే ఈ మూడూ ఉన్న యాప్‌కే నా ఓటు. స్కోర్ ఎంత వచ్చినా, మూడు నెలలుగా నెలసరి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.