లాయరు స్టేషను దాకా రావాలి

2020 నవంబరు 3న పాణ్యం దగ్గర కౌలూరు వద్ద, నంద్యాలకు చెందిన ఒక ఆటో డ్రైవరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు రైలు కింద పడి ప్రాణాలు తీసుకున్నారు. చోరీ కేసు పేరుతో పోలీసులు వేధిస్తున్నారని, ఆ నేరంతో తమకు సంబంధం లేదని వాళ్లు వీడియోలో చెప్పుకున్నారు. అది బయటపడ్డాక సీఐ, హెడ్ కానిస్టేబులు అరెస్టయ్యారు. వాళ్లకు వెంటనే బెయిలు వస్తే, దాన్ని రద్దు చేయమని ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది. ఆ కుటుంబం తన గోడు చెప్పుకున్నది మాత్రం ఒక ఫోను కెమెరాకు. పోలీసుల నీడలో బతికేవాడికి కోర్టు ఎంత దూరమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చట్టం లేక ఈ దూరం రాలేదు. ఉచిత న్యాయసహాయం 1976లో రాజ్యాంగంలోని 39ఎ అధికరణంగా చేరింది. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాలి. అయితే పట్టుకునేదీ ప్రభుత్వమే, లాయరును ఇచ్చేదీ ప్రభుత్వమే అయినప్పుడు బయటి నుంచి అడిగేవాళ్లు కూడా ఉండాలి. అరెస్టు చేస్తే మెమో రాయాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి అనే డి.కె. బసు తీర్పు 1996లో వచ్చింది. దానికి మూలం, బెంగాల్‌లోని ఒక స్వచ్ఛంద న్యాయసహాయ సంస్థ పదేళ్ల ముందు సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరం.

ఇంతకన్నా కష్టమైన చోట కూడా బయటి నుంచి అడిగే ఈ పని సాగుతోంది. 1967 నుంచి సైనిక ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనీయుల్ని పట్టుకునేదీ, సైనిక కోర్టుల్లో విచారించేదీ సైన్యమే. అక్కడ 1979లో రమల్లాలో అల్-హక్ అనే పాలస్తీనా హక్కుల సంస్థ పుట్టింది. 1988లో మొదలైన ఇజ్రాయెలీ సంస్థ హమోకెద్, సైన్యం పట్టుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో వెతికి ఇంటివాళ్లకు చెబుతుంది. ఇంటరాగేషన్లో వాడే పలు హింసా పద్ధతులు చెల్లవని 1999లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు చెప్పిందంటే అది హక్కుల సంఘాల పిటిషన్ల వల్లే. ఆక్రమించినవాడి కోర్టు మెట్లెక్కడం ఆక్రమణను ఒప్పుకోవడమే కదా అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ కొడుకును సైన్యం తీసుకుపోయిన తల్లికి ముందు కావాల్సింది వాడి ఆచూకీ.

నేరస్థులకు కొమ్ము కాస్తున్నారన్నది ఇంకో నింద. 2021లో ఇజ్రాయెల్ అల్-హక్‌తో సహా ఆరు సంస్థల మీద ఉగ్రవాద ముద్ర వేసింది. మన దగ్గర పౌరహక్కుల లాయర్లు కన్నబిరాన్, బాలగోపాల్ జీవితమంతా ఇలాంటి మాటే పడ్డారు. నిందితుడి పక్కన లాయరు నిలబడితే నేరం మాసిపోదు. నిజంగా రుజువైన నేరానికే శిక్ష పడుతుంది. తప్పు చేయని మనిషికి అదొక్కటే రక్షణ.

వెస్ట్ బ్యాంక్‌లో సైనిక కోర్టుల ముందే లాయర్లు నిలబడుతుంటే, రాజ్యాంగం అండగా ఉన్న మనకు సాకు లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ న్యాయవాదులు వంతులు వేసుకుని, పిలిచిన రాత్రే స్టేషనుకు వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. పౌరులు గుర్తుంచుకోవాల్సిన ఉచిత న్యాయసహాయ నంబరు 15100. దాన్ని ప్రతి ఆటో స్టాండులోనూ రాసిపెట్టండి.