కత్తెర కంటే ముందు పిన్నీసు

ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా అమ్మమ్మ పట్టుచీరతో కుట్టించిన లాంగ్ ఫ్రాకు వేసుకున్న అమ్మాయి ఒక్కరైనా కనిపిస్తోంది. చూడముచ్చటగానే ఉంటుంది. బీరువాలో మగ్గిపోయే చీర బయటికొచ్చింది కదా అని అందరం మెచ్చుకుంటాం. నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉంది. పాత చీరని మార్చడం మీద కాదు, బీరువాలోంచి తీయగానే కత్తెర వేసేయడం మీద.

ఐదున్నర మీటర్ల చీరకి గొడుగు కటింగ్ చేశాక అది మళ్ళీ చీర కాదు. పన్నెండేళ్ళ పిల్ల ఏడాది తిరిగేసరికి పొడుగవుతుంది, ఫ్రాకు పొట్టిదవుతుంది. వేసుకోవడానికి చెల్లెలుంటే సరే, లేకపోతే నలభై ఏళ్ళు నిలిచిన చీర రెండు ఫంక్షన్లతో సరి.

అసలు చుట్టి చూసి ఆకారం తేవడం మనకి కొత్త విద్యా? చీరంటేనే అది. రీతా కపూర్ చిష్తీ దేశమంతా తిరిగి 108 రకాల చీరకట్లు నమోదు చేశారు. కుట్టులేని గుడ్డతో ఇన్ని రకాలు! మన గోచీకట్టులో పొలం పని చేసుకోవచ్చు, అదే చీర కుచ్చిళ్ళు పోసి కడితే పేరంటానికి వెళ్ళొచ్చు.

పారిస్‌లో 1912లో సొంత దుకాణం తెరిచిన మదలెన్ వియొన్నే కూడా ఇదే పద్ధతి పట్టుకుంది. చిన్న చెక్కబొమ్మకి గుడ్డ చుట్టి, పిన్నులు గుచ్చి, ఎటు జారుతుందో చూసుకున్నాకే కత్తెర పట్టేది. గుడ్డని ఐమూలగా తిప్పి ఒంటికి అమరేలా గౌన్లు కుట్టడంలో ఆవిడ దిట్ట. మన టైలరు "క్రాస్ కట్టా, ప్లెయినా?" అని అడిగేది ఆ ఐమూల సంగతే. బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జియేలా 1991లో మిలిటరీ మేజోళ్ళు విప్పి స్వెటర్ చేశాడు. మడమల ఉబ్బు మోచేతుల దగ్గర, ఛాతీ దగ్గర వచ్చేలా పెట్టాడు. పాత వస్తువులో ముందే ఉన్న ఆకారాన్ని పాడుచెయ్యకుండా వాడుకోవడం అంటే అదీ.

అమ్మ పోయాక నా వాటాకొచ్చిన వాటిలో ఒక గద్వాల్ చీర ఉంది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు జల్లెడలా అయిపోయింది, అంచులు మాత్రం చెక్కుచెదరలేదు. "అమ్మ కట్టిన చీరకి కత్తెర పెట్టడానికి చేతులెలా వస్తాయే?" అంది మా అక్క. "పాతగుడ్డ మేడం, సూది పడితే చిరుగుద్ది" అన్నాడు టైలరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే నేనూ మా అమ్మాయీ వారం రోజులు పిన్నీసులతోనే గడిపాం. జీన్స్ మీద చుట్టి బెల్టు పెట్టింది, కొంగుని మెడ వెనకనుంచి తిప్పి చూసింది. చివరికి అంచులూ కొంగూ కలిసి కుర్తా మీద వేసుకునే పొడుగు జాకెట్ అయ్యాయి. బలం పోయిన నూలు బొంతలోకి వెళ్ళింది. అమ్మా అలాగే చేసేది.

మీరూ చెయ్యాలనుకుంటే ముందు ఫాల్ విప్పేసి, చీరని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకోండి. ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది. అద్దం ముందు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చుట్టి ఫోటోలు తీసుకోండి. నచ్చింది రెండు రోజులాగి మళ్ళీ చూడండి, అప్పటికీ నచ్చితేనే కత్తెర. ఐమూలగా కత్తిరిస్తే ఒక రాత్రి వేలాడదీసి, సాగేదంతా సాగాక అంచు మడవండి. చీర బాగానే ఉంటే కత్తెర అసలే వద్దు, పిన్నీసులూ బెల్టూ చాలు.

ముట్టుకోకుండా దాచడమే గౌరవం అనేవాళ్ళూ ఉన్నారు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే పిగిలిపోతుంది. దాచినా పోతుంది, తొందరపడి కోసినా పోతుంది.

ఇంకొక్క మాట. అమ్మో అత్తగారో ఉండగానే బీరువా వాళ్ళ ముందు తెరవండి. ఏది ముట్టుకోకూడదో, ఏది పిల్లలకి ఏం కుట్టించినా ఫరవాలేదో వాళ్ళనే అడగండి. ఒక్కో చీర ఎప్పుడు కొన్నారో, ఎవరు పెట్టారో కూడా చెప్తారు. మా అమ్మని నేను అడిగింది మూడు చీరల గురించే. మిగతావాటికి నా ఊహే దిక్కయింది.