కావలికి కావలి యెవరు?

2025 నవంబరు 28వ తేదీన కేంద్ర టెలికం శాఖవారు సెల్‌ఫోనులు తయారుచేయు కంపెనీలకు ఒక ఉత్తరువు పంపిరి. దేశములో అమ్మబడు ప్రతి కొత్త ఫోనులోను ‘సంచార్ సాథీ’ అను ప్రభుత్వపు యాప్‌ను ముందుగానే అమర్చి యుంచవలెననియు, అందుకు 90 దినములు గడువనియు దాని సారాంశము. వార్త బయటపడిన వెంటనే దేశమంతట ఆక్షేపణలు చెలరేగినవి. డిసెంబరు 3వ తేదీన ప్రభుత్వమువారు ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. పోయిన ఫోనును కనుగొనుటకును, మన పేరుతో ఇతరులు తీసికొన్న కనెక్షనులను కనిపెట్టుటకును ఆ సాధనము ఉపకరించునన్న మాట నిజమే. కావలసినవారు తమంతట తాము తెచ్చుకొనుటకు ఎవరికిని అభ్యంతరము లేదు. ప్రజలు ఆక్షేపించినది సాధనమును గాదు. అడుగకుండ ఇంటిలో అడుగుపెట్టుటను.

ఆ ఉత్తరువు వెనుకకు పోయినది గాని, అది లేవనెత్తిన ప్రశ్న పోలేదు. శాంతిభద్రతల నిమిత్తము ప్రభుత్వము కొందరిని కనిపెట్టి యుండవలసి వచ్చును, ఒప్పుకొందము. ఆ కనిపెట్టువారిని కనిపెట్టి యుండువా రెవరు? నేడు మేము పాఠకుల దృష్టికి తేదలచినది ఈ యొక్క ప్రశ్ననే.

ఈ విషయమై మనవారిలో రెండు విధములగు మాటలు వినబడుచున్నవి. “మనము దొంగలమా, దేశద్రోహులమా? దాచుకొనుటకు మనకేమున్నది? విననిండు” అని పెద్దలు కొందరు. “ఇక దాపరిక మెక్కడిది? ప్రతి మాటయు ఢిల్లీకి చేరుచునే యున్నది. అనుకొని ఏమి లాభము?” అని యువకులు కొందరు. వాట్సాప్ సందేశము క్రింద మూడు ఎర్ర గుర్తులు పడినచో ప్రభుత్వము దానిని చదివి చర్యకు పూనుకొన్నట్లని ఒక పుకారు ఏండ్ల తరబడి చేతులు మారుచున్నది. అది వట్టి అబద్ధమని ప్రభుత్వ సమాచార సంస్థయే ప్రకటించినను, నమ్మి పదిమందికి పంపువారు మన బంధువర్గములో ఇంకను లేకపోలేదు. మొదటి మాట అమాయకత్వము, రెండవది నిస్పృహ. రెంటి ఫలితమును ఒక్కటియే: అడుగవలసిన ప్రశ్నను అడుగక ఊరకుండుట.

తరతరములుగా సరిహద్దులకు ఆవల బంధువులను పెట్టుకొని బ్రతుకుచున్న మనకు ఉత్తరముల మర్యాద ఒకరు నేర్పనక్కరలేదు. హోసూరునుండి చిత్తూరునకు, బరంపురమునుండి శ్రీకాకుళమునకు, షోలాపురమునుండి పాలమూరునకు ఎన్ని ఉత్తరములు నడువలేదు! క్షేమసమాచారములు కార్డుమీద వ్రాసెడివారము. పిల్ల సంబంధము, పొలము తాకట్టు, ఇంటిలోని జబ్బు, ఇవి కవరులో పెట్టి అంటించెడివారము. కవరు అంటించినవాడు నేరస్థుడని ఏ పోస్టుమానును తలపలేదు. తలుపునకు గడియ పెట్టుకొనునది తప్పు చేసినందుకు గాదు, ఇల్లు ఇల్లుగా ఉండుటకు. నేటి ఫోనులో కార్డు, కవరు, బ్యాంకి పుస్తకము, వైద్యుని చీటి, మనము తిరిగిన దారి, అన్నియు ఒక్కచోటనే యున్నవి. దాచుకొనుటకు ఏమున్నదని యడుగువారు ఈ మూట యంతయు విప్పి వీధి అరుగుమీద పెట్టుటకు ఒప్పుకొందురా?

ఈ సత్యమును దేశపు అత్యున్నత న్యాయస్థానములో ఎలుగెత్తి చెప్పినవారిలో ఒకరు తెలుగువా రగుట మనము గుర్తుంచుకొనదగినది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనునతనిని 1941లో బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచి, ఇంటివద్ద రహస్యముగా కాపు వేసి, రాత్రివేళల తలుపు తట్టి లేపుచు, ఊరు విడిచినచో వెంట విచారణ నడపుచు వచ్చిరి. 1962 డిసెంబరు 18వ తేదీన సుప్రీంకోర్టులోని ఆరుగురు న్యాయమూర్తుల పీఠము తీర్పు చెప్పినది. రాత్రివేళ ఇంటిపై పడుట ఒక్కటి చెల్లదనియు, తక్కిన నిఘా చెల్లుననియు, ఏకాంతత అను హక్కు రాజ్యాంగమున లేదనియు అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు అందులకు సమ్మతింపలేదు. వెన్నంటి కన్ను ఉన్నంతకాలము మనుష్యుని నడకయు మాటయు స్వేచ్ఛగా సాగవనియు, ఏకాంతత వ్యక్తి స్వాతంత్ర్యమునకు అవిభాజ్యమైన అంగమనియు ఆయన అభిప్రాయము. జె. సి. షాగారు ఆయనతో ఏకీభవించిరి. ఆ ఇద్దరి మాట నాడు నెగ్గలేదు.

సుమారు 55 ఏండ్లకు, 2017 ఆగస్టు 24వ తేదీన, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతతను ప్రాథమిక హక్కుగా నిర్ణయించి, పాతతీర్పులోని ఆ భాగమును త్రోసివేసి, సుబ్బారావుగారి మాటయే సరియైనదనిరి. ఆ తొమ్మిదిమందిలో జాస్తి చలమేశ్వరుగారు ఒకరు. 2012లో ఆ వ్యాజ్యము దాఖలు చేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, కీర్తిశేషులు కె. ఎస్. పుట్టస్వామిగారు. అల్పసంఖ్యాకుల మాట అయినంతమాత్రమున అది తప్పుమాట కానక్కరలేదనుటకు ఇంతకంటె దృష్టాంత మేమి కావలయును?

హక్కు గ్రంథములకు ఎక్కినది. ఆచరణ ఎట్లున్నది? ఫోను సంభాషణలను చాటుగా వినుటకు 1885 నాటి టెలిగ్రాఫు చట్టమే చిరకాలము ఆధారమై యుండెను. ఆ అధికారమునకు కట్టుబాట్లు ఉండితీరవలెనని 1996 డిసెంబరు 18వ తేదీన సుప్రీంకోర్టు శాసించినది. 2007లో ఆ కట్టుబాట్లు నియమముల రూపము దాల్చినవి. 2023 నాటి టెలికం చట్టము క్రింద 2024 డిసెంబరులో కొత్త నియమములు వచ్చినవి. ఏర్పాటు మాత్రము పాతదే. ఉత్తరువు ఇచ్చునది హోంశాఖ కార్యదర్శి. దానిని తిరిగి పరిశీలించు సంఘములో కేంద్రమున క్యాబినెట్ కార్యదర్శియు, మరి యిద్దరు కార్యదర్శులును. రాష్ట్రమున ప్రధాన కార్యదర్శియు, మరి యిద్దరు కార్యదర్శులును. అందొక న్యాయమూర్తి లేడు, ప్రజలెన్నుకొన్న ప్రతినిధి లేడు. వ్రాసినవారును దిద్దినవారును ఒక్క బడి పంతుళ్లే.

ఆ దిద్దుబాటు ఎంత నిదానముగా జరుగునో లెక్క వేసి చూతము. రెండు నెలల కొకసారి కూర్చుండు ఈ సంఘము ఒక్కొక్క సమావేశములో 15,000 నుండి 18,000 ఉత్తరువులను పరిశీలింపవలసి వచ్చుచున్నదనియు, అది అసాధ్యమైన పనియనియు జస్టిస్ బి. ఎన్. శ్రీకృష్ణగారి సంఘము 2018లో తన నివేదికయందు వ్రాసినది. ఎనిమిది గంటలు లేవకుండ కూర్చున్నను అది 28,800 సెకనులు. తక్కువ సంఖ్య తీసికొన్నను ఉత్తరువు ఒక్కంటికి రెండు సెకనులైనను దక్కవు. ఒక పౌరుని ఫోను వినుట న్యాయమా కాదా యని తేల్చుట కంత కాలము చాలునా? అంతలో పేరు చదువుటయే కష్టము.

ఉత్తరముల గతియు ఇట్లే యున్నది. ఉత్తరములను పట్టి చదువు అధికారమును పెంచుచు 1986లో పార్లమెంటు ఆమోదించిన పోస్టాఫీసు బిల్లుపై రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్‌గారు సంతకము చేయలేదు. అది చట్టము కానేలేదు. 2024 జూన్ 18వ తేదీన అమలులోనికి వచ్చిన 2023 నాటి కొత్త పోస్టాఫీసు చట్టమున, పోస్టులో నడచు ఏ వస్తువునైనను ఆపి విప్పుటకు అధికారులను నియమింపవచ్చునని యున్నది. ఆ అధికారమును తనిఖీచేయువా రెవరో ఆ చట్టములో ఒక్క ముక్కయు లేదు.

ఇది ఏ ఒక్క పక్షమునకో సంబంధించిన విషయము కాదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు ఫోనుల ట్యాపింగు ఆరోపణల నడుమ పదవిని విడిచిరి. 2021లో పెగాసస్ వివాదము చెలరేగినపుడు, దేశభద్రత అను పేరెత్తినంతనే న్యాయస్థానము తప్పుకొనజాలదని ఎన్. వి. రమణగారి పీఠము స్పష్టము చేసి, నిపుణుల సంఘమును నియమించినది. ఆ సంఘము పరీక్షించిన 29 ఫోనులలో అయిదింట ఏదో దుష్ట సాధనము కనబడినదనియు, అది పెగాసస్ అని చెప్పుటకు నిశ్చయమైన ఆధారము లేదనియు, ప్రభుత్వము తమకు సహకరింపలేదనియు 2022 ఆగస్టులో తెలియవచ్చినది. 2024లో తెలంగాణమున ఇటువంటి ఆరోపణలపైననే పోలీసు అధికారులు అరెస్టయిరి. దోషము ఎవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. పక్షములు మారినను, రాష్ట్రములు మారినను ఆరోపణ మారకుండుటనే మేము గమనింపగోరుచున్నాము. కంచెయే చేను మేయుచున్నదను అనుమానము కలిగినపుడు కంచెను పీకివేయుమని ఎవరును అనరు. చూచివచ్చుటకు ఒక మనిషిని పంపుదురు.

ఆ పంపు మనిషి ఎట్లుండవలెనో భాషాల్పసంఖ్యాకులమైన మనకు బాగుగా తెలియును. 1956లో రాజ్యాంగమును సవరించి, పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య గరపు సౌకర్యములు కల్పింపవలెనని 350-ఏ అధికరణము వ్రాసిరి. అంతటితో ఆగక, 350-బి అధికరణమున భాషాల్పసంఖ్యాకుల కొక ప్రత్యేకాధికారిని ఏర్పరచి, ఆయన నివేదికలు పార్లమెంటు ఉభయసభలముందు ఉంచవలెననిరి. రక్షణ వ్రాసినంత మాత్రమున అది నడువదని ఆ పెద్దలెరుగుదురు. ఆ నివేదికలు ఉన్నను తెలుగు బడులకొరకు మనము ఎన్ని అర్జీలు పెట్టుకొనవలసి వచ్చుచున్నదో ఈ పత్రిక చదువువారికి విదితమే. అయినను అడుగుట కొక ఆధారమున్నది. మూడవ తరగతి వాచకమునకు ఉన్న ఈపాటి తనిఖీ, ఇంటింటి మాటలు వినగల అధికారమునకు లేదు. ఏటేట ఎన్ని ఉత్తరువు లిచ్చిరో, ఎన్ని త్రోసివేసిరో పార్లమెంటునకు నివేదించు విధి ఎవరికిని లేదు.

ఉగ్రవాదులును, ఫోనులలో పోలీసు వేషము వేసి వృద్ధుల ధనము దోచుకొను మోసగాండ్రును ఉన్న కాలములో ప్రభుత్వము చేతులు కట్టివేయవలదా యందురు కొందరు. చేతులు కట్టుమని మేము కోరుట లేదు. ఇంగ్లండులో 2016 నాటి చట్టము ప్రకారము మంత్రి సంతకము చేసిన ఉత్తరువును న్యాయాధికారియు ఆమోదింపవలెను. అమెరికాలో నేర విచారణలకై ఫోనులు వినుటకు న్యాయస్థానముల అనుమతి కావలయును. 1968 నాటి చట్టము ననుసరించి ఆ లెక్కలు ప్రతియేట వారి కాంగ్రెసునకు చేరుచున్నవి. ఆ దేశములందును తప్పులు జరుగకపోలేదు. కాని జరిగిన తప్పును పట్టుకొనుట కొక దారి యున్నది.

కావున మేము కోరునవి మూడు. వినుటకు ఇచ్చు ఉత్తరువుపై ప్రభుత్వోద్యోగి కాని న్యాయాధికారి ఆమోదముండవలెను. ఆ ఉత్తరువుల సంఖ్య ఏటేట పార్లమెంటునకును, రాష్ట్ర శాసనసభలకును నివేదింపబడవలెను. విచారణ ముగిసి, చెప్పుటవలన హాని లేదని తేలినపుడు ఆ పౌరునకు సంగతి తెలుపవలెను.

మన పాఠకులు చేయవలసినదియు కలదు. ఎర్ర గుర్తుల పుకార్లను ముందునకు పంపుట మాని, తమ తమ పార్లమెంటు సభ్యులకు ఈ మూడు కోరికలు వ్రాయవలెను. కేంద్రమునకు గాని రాష్ట్రమునకు గాని సంబంధించిన అధికారులకు ఆ కేంద్రములోనో రాష్ట్రములోనో వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చియున్నది. తెలుగులోనే వ్రాయుడు, వీలైనచో ప్రక్కన కన్నడమున, తమిళమున, ఒరియాలో, మరాఠీలో నకలు జతచేయుడు. ఇది ఏ ఒక్క భాషవారి కష్టమును గాదు గనుక, ఇరుగుపొరుగువారి సంతకములును తీసికొనుడు.

ఒక ఉత్తరువు అయిదు దినములలో వెనుకకు పోయినది ప్రజలు నోరు విప్పినందువలననే. కవరు అంటించి పోస్టులో వేయుడు.